నార్వే దారిలో కరెంటు మజిలీలు

ఓస్లో నుంచి బెర్గెన్‌కు కొండలు దాటి పోయే దారులు నాలుగైదున్నాయి. మేం పట్టుకున్నది హాలింగ్‌డాల్ లోయ వెంబడి గోల్ దాకా పోయి, అక్కడ కుడికి మళ్ళి హెమ్సెడాల్ కొండ ఎక్కి, లేర్డాల్ సొరంగం గుండా ఫ్యోర్డు ఒడ్డుకు దిగే దారి. 500 కిలోమీటర్లకు కాస్త తక్కువ. కారు మా బావది. పెట్రోలు టాంకు లేని, బ్యాటరీ మీదే నడిచే కారు. ఓస్లోలో చాలాకాలంగా ఉద్యోగం చేస్తున్న బావకు ఇది మామూలు ప్రయాణమే. నాకు మాత్రం చూడాల్సింది ఒకటుంది. కొత్తగా ఇంజను కార్లు కొనడం దాదాపు మానేసిన ఈ దేశంలో, ఇన్ని కార్లకూ కరెంటు ఎక్కడ ఎక్కుతోంది? ఊళ్ళు లేని కొండల్లో ఆ ఏర్పాటు ఎవరు చేశారు?

2024లో నార్వేలో అమ్ముడైన ప్రతి 100 కొత్త కార్లలో దాదాపు 89 పూర్తిగా బ్యాటరీవే. అదే సంవత్సరం సెప్టెంబరులో రోడ్ల మీద ఉన్న మొత్తం కార్ల లెక్కలో కూడా కరెంటువి పెట్రోలువాటిని దాటేశాయి. కరెంటువి 7,54,303 అయితే పెట్రోలువి 7,53,905. డీజిల్ కార్లు అప్పటికి ఇంకా ఎక్కువే. 55 లక్షల జనాభా ఉన్న దేశం కాబట్టి ఇవి చిన్న అంకెలని తీసిపారేయొచ్చు. కానీ ఇంత చలిలో, ఇన్ని కొండల మధ్య, ఊరికీ ఊరికీ ఇంత దూరమున్న చోట ఇది జరిగిందంటే తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు.

ఓస్లో చుట్టూ రోడ్డుకు అడ్డంగా కెమెరాల కమానులుంటాయి. కింద నుంచి కారు పోతే నంబరు చూసి టోలు పడుతుంది. ఒక కమాను దాటుతుండగా బావ ఆ పాత కథ చెప్పాడు. 1989లో ఆ-హా బృందం గాయకుడు మోర్టెన్ హార్కెట్, బెలోనా అనే పర్యావరణ సంస్థను నడిపే ఫ్రెడరిక్ హాగె కలిసి, కరెంటుకు మార్చిన ఒక ఫియట్ పాండా కారును దేశంలోకి తెచ్చారు. టోలు కట్టబోమని మొండికేశారు. జరిమానాలు పేరుకున్నాయి. కారు జప్తయింది, వేలమైంది. మళ్ళీ కొనుక్కున్నారు, మళ్ళీ టోలు ఎగ్గొట్టారు. చివరికి దిగొచ్చింది ప్రభుత్వమే. 1990లో దిగుమతి పన్ను పోయింది, 1997లో టోలు పోయింది, 2001లో అమ్మకపు పన్ను పోయింది, 2005లో బస్సుల వరసలో నడిపే అనుమతి వచ్చింది. ఇందులో నాకు నచ్చింది ఆ తేదీల వరసే. కొనడానికి చెప్పుకోదగ్గ కారు ఒక్కటీ లేని రోజుల్లో మొదలుపెట్టి, ప్రభుత్వాలు మారినా పాతికేళ్ళపాటు మాట మార్చలేదు.

ఇప్పుడా రాయితీలు మెల్లగా తగ్గిస్తున్నారు. 2023లో 5 లక్షల క్రోనర్ల ధర దాటిన భాగం మీద పన్ను మొదలుపెట్టారు. టోలు కూడా మామూలు ధరలో 70 శాతం దాకా కట్టాలి. బస్సుల వరసలో కరెంటు కార్లు ఎక్కువై బస్సులే ఆగిపోయే పరిస్థితి రావడంతో ఆ అనుమతికీ షరతులు పెట్టారు.

హోనెఫోస్ దాటాక రోడ్డు నదిని పట్టుకుంటుంది. సెప్టెంబరు చివర. బిర్చ్ చెట్లన్నీ పసుపు. పక్కనే లోయ పొడవునా పొలాలు, ఎర్ర రంగు వేసిన కొట్టాలు, వాటి వెనక పైన్ అడవి. గోల్ చిన్న ఊరే. అయినా రెండు పెద్ద రోడ్లు కలిసే చోటు కనుక మజిలీగా పేరుంది. 2013లో టెస్లా కంపెనీ యూరప్‌లో మొట్టమొదటగా తెరిచిన ఆరు వేగపు చార్జింగ్ కేంద్రాలూ నార్వేలోనే ఉన్నాయి. వాటిలో ఒకటి ఈ గోల్‌లో, ఇంకొకటి ఇదే దారిలో ముందున్న ఆవుర్‌లాండ్‌లో. మొదట్లో అవి ఆ కంపెనీ కార్లకే. 2022 జనవరి నుంచి ఇక్కడ వేరే కార్లకూ తలుపులు తీశారు.

మేం ఆగిన చోట పదికి పైగా చార్జర్లు వరసగా ఉన్నాయి. బావ చార్జింగ్ గన్ తగిలించి, చిన్న బిళ్ళ ఒకటి తెరకు ఆనించాడు. ఎలక్ట్రిక్ కార్ల యజమానుల సంఘం ఇచ్చిన బిళ్ళ అది. దాన్ని చాలా కంపెనీల యంత్రాలు ఒప్పుకుంటాయి. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్ పెట్టుకుని జనం విసిగిపోయి గోల చేస్తే వచ్చిన వెసులుబాటు. కాఫీ తాగి, నేను బాత్రూముకు వెళ్ళొచ్చేసరికి బ్యాటరీ 80 శాతం చేరింది. బావ వెంటనే గన్ తీసేశాడు.

"నిండేదాకా ఉండొచ్చుగా బావా?"

"80 దాటాక నత్తనడకే రా. బ్యాటరీ తీసుకోదు. వెనకాల ఎవరన్నా ఎదురుచూస్తుంటే అప్పటిదాకా కూర్చోవడం ఇక్కడ తప్పు కింద లెక్క."

ఇక్కడివాళ్ళకు ఇవన్నీ అలవాటైపోయాయి. చార్జింగ్‌కు వెళ్తున్నామని కారు తెరలో ముందే చెప్తే దారిలోనే బ్యాటరీని వెచ్చబెట్టుకుంటుంది. చల్లటి బ్యాటరీ కరెంటును వేగంగా తీసుకోలేదు. చలికాలంలో ఒక్క చార్జింగుతో వెళ్ళే దూరం కూడా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో కంపెనీల మాట నమ్మకుండా, నార్వే మోటారిస్టుల సంఘం ఏటా చలికాలంలో కార్లను వరసగా బయల్దేరదీసి, కొండల్లోకి తోలి, కదల్లేక ఆగిపోయేదాకా నడిపించి చూస్తుంది. ఏ కారు ఎక్కడ ఆగిందో అచ్చు వేస్తుంది. కొనేవాడు ఆ పట్టిక చూసే కొంటాడు.

గోల్‌లో కంపెనీలు పోటీపడి యంత్రాలు పెట్టడంలో వింత లేదు, గిరాకీ ఉంది. అసలు సంగతి ఆ తరవాతి దారిలో ఉంది. పెద్ద రోడ్డు వదిలితే గంటకు పది కార్లు పోని చోట్లుంటాయి. అక్కడ చార్జర్ పెట్టినవాడికి కరెంటు బిల్లు కూడా రాదు. ఏ వ్యాపారీ తనంతట తాను పెట్టడు. అది లేదని జనం కారు కొనరు, కార్లు లేవని అది రాదు. నార్వే ఈ ముడిని ప్రభుత్వ సొమ్ముతో విప్పింది. 2015లో ఎనోవా అనే ప్రభుత్వ సంస్థ, దాదాపు 7,500 కిలోమీటర్ల ప్రధాన రహదారుల మీద ప్రతి 50 కిలోమీటర్లకూ కనీసం రెండు వేగపు చార్జర్లుండాలని తీర్మానించి, పెట్టుబడికి సాయం చేస్తామని కంపెనీలను పిలిచింది. లాభం వచ్చే చోట్లు మాత్రమే ఏరుకుంటామంటే కుదరదు, దారి మొత్తం తీసుకోవాలి. ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్ ప్రాంతం చాలాకాలం వెనకబడే ఉంది, అక్కడికి ప్రత్యేకంగా సాయం అందించాల్సి వచ్చింది. ఈ దేశంలో ఇవాళ 27 వేలకు పైగా బహిరంగ చార్జింగ్ పాయింట్లున్నాయి. నా దృష్టిలో వాటిలో అత్యంత విలువైనవి ఓస్లోలోవి కావు. రోజుకు నాలుగు కార్లు ఆగే కొండ మలుపుల్లోవి. పండక్కి ఊరికి పోతూ దారిలో ఆగిపోతామేమోనన్న భయం తీర్చింది అవే. ఆ భయం తీరాకే జనం కార్లు కొన్నారు.

హెమ్సెడాల్ దాటాక చెట్లు పొట్టివై, ఆ పైన మాయమైపోతాయి. 1,100 మీటర్ల పైన రాళ్ళు, నాచు, నీళ్ళ మడుగులు, అక్కడక్కడా తొలి మంచు. చలికాలంలో ఇక్కడ మంచు ఊడ్చే బండి వెనక కార్లన్నీ బారుగా నడవాల్సిందేనట. ఎక్కుతుంటే బ్యాటరీ అంకె గబగబా పడిపోయింది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయని బావ గమనించాడు. "ఎక్కేటప్పుడు చూడకు, దిగాక చూడు" అన్నాడు. నిజమే. బోర్లాగ్ నుంచి లేర్డాల్ వైపు సముద్రమట్టానికి దిగుతున్నంతసేపూ మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి కరెంటు తిరిగి పంపుతూ ఉంది. కిలోమీటర్లు గడుస్తున్నా అంకె ఇంచుమించు అక్కడే నిలబడింది. 2022 నుంచి తిరుపతి, తిరుమల మధ్య మన ఆర్టీసీ నడుపుతున్న ఎలక్ట్రిక్ బస్సులు ఘాట్ రోడ్డు దిగుతూ చేసేదీ ఇదే పని.

దారిలో బోర్గున్ చెక్క చర్చి దగ్గర ఆగాం. 1180 ప్రాంతంలో కట్టింది, ఒక మెట్టు మీద ఇంకో మెట్టుగా లేచిన కప్పులు, తారు పూసిన నల్లని పలకలు. దాని గురించి వేరే వ్యాసం రాయాలి. అక్కణ్ణించి లేర్డాల్ సొరంగం. 24.5 కిలోమీటర్లు, 2000లో తెరిచారు. నిద్ర రాకుండా మధ్యమధ్య నీలి దీపాలతో విశాలమైన గుహలు తొలిచారు.

సొరంగం దాటాక ఒక మజిలీలో ఇబ్బంది ఎదురైంది. కారు తెర మీద రెండు చార్జర్లు ఖాళీ అని కనిపించింది, వెళ్ళి చూస్తే ఒకదాని తెర చచ్చిపోయి ఉంది, రెండోది గన్ తగిలించగానే తప్పు చూపించి ఆగిపోతోంది. బావ ఫోన్ చేస్తే అవతలివాళ్ళు దూరం నుంచే దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టారు, ఫలితం లేదు. కానీ ఆయన కంగారు పడలేదు. తరవాతి మజిలీ దగ్గర్లోనే ఉందని, అందులో ఎన్ని గన్‌లున్నాయో, ఏ రకమో ఫోన్‌లో చూసుకున్నాడు. ఆ వివరాలన్నీ నోబిల్ అనే జాబితా నుంచి వస్తాయి. 2010 ప్రాంతంలో ఎలక్ట్రిక్ కార్ల సంఘం, ప్రభుత్వ సంస్థ కలిసి మొదలుపెట్టాయి. దేశంలోని చార్జింగ్ కేంద్రాల వివరాలన్నీ అందులో ఉంటాయి, ఎవరైనా ఉచితంగా తీసుకుని యాప్ చేసుకోవచ్చు. ఏ కంపెనీ చార్జరైనా అందరి పటాల్లోనూ కనిపిస్తుంది. ఖర్చు దృష్ట్యా ఇది ఒక్క చార్జింగ్ కేంద్రం ధర కూడా కాదేమో, కానీ దీనివల్ల కలిగిన మేలు వంద కేంద్రాలంత.

గుద్వాంగెన్‌లో నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఉండిపోయాను. నేరోయ్‌ఫ్యోర్డ్ కొస అది. నిట్టనిలువు కొండల మధ్య సన్నని సముద్రపు పాయ, 2005 నుంచి యునెస్కో వారసత్వ ప్రదేశం. ఫ్లోమ్ నుంచి ఇక్కడికి యాత్రికులను తెచ్చే 'ఫ్యూచర్ ఆఫ్ ది ఫ్యోర్డ్స్' ఓడ 2018 నుంచి పూర్తిగా బ్యాటరీతో నడుస్తోంది. 400 మంది పడతారు. పొగ లేదు, డీజిల్ వాసన లేదు, రేవుకు దగ్గరవుతుంటే నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఓడ కంటే నన్ను ఎక్కువగా కట్టిపడేసింది దాని రేవు. ఇంత పెద్ద ఓడకు 20 నిమిషాల్లో కరెంటు ఎక్కించాలంటే ఆ చిన్న ఊరి లైను తట్టుకోలేదు. లైను పెంచాలంటే కొండల మీదుగా కొత్త స్తంభాలు, బోలెడు ఖర్చు. అందుకని నీళ్ళ మీద తేలే రేవు లోపలే 2,400 యూనిట్లు పట్టే బ్యాటరీ పెట్టారు. ఊరి లైను నుంచి అది రోజంతా నెమ్మదిగా కరెంటు తాగుతూ ఉంటుంది, ఓడ రాగానే ఒక్కసారిగా ధారపోస్తుంది. నెలకు 200 యూనిట్లు వాడే మన ఇల్లు ఒక ఏడాది మొత్తం వాడేంత కరెంటు ఆ రేవు పొట్టలో ఉంటుంది. వారసత్వ ఫ్యోర్డులలోకి పొగ వదిలే ఓడలు రాకూడదని నార్వే పార్లమెంటు 2018లో తీర్మానించింది. చిన్న ఓడలకు 2026 జనవరి నుంచి ఆ నియమం అమలులోకి వచ్చింది, పెద్దవాటికి 2032 దాకా గడువిచ్చారు. ఆ గడువు నాకు రుచించలేదు. పెద్ద ఓడలే కదా ఎక్కువ పొగ వదిలేది.

బెర్గెన్‌లో ఎప్పటిలాగే వాన. బావ స్నేహితుడి అపార్ట్‌మెంటులో దిగాం. సెల్లారులో ప్రతి పార్కింగు దగ్గరా గోడకు చార్జర్ ఉంది. రాత్రిళ్ళు అన్ని కార్లూ ఒకేసారి లాగకుండా భవనానికున్న లోడును వాటి మధ్య పంచే ఏర్పాటు ఉంది. సొంత పార్కింగులో చార్జర్ పెట్టుకుంటానని ఫ్లాటు యజమాని అడిగితే, సరైన కారణం లేకుండా అపార్ట్‌మెంటు సంఘం కాదనకూడదని ఇక్కడ చట్టముంది. నార్వేలో చార్జింగ్‌లో ఎక్కువ భాగం ఇళ్ళ దగ్గరే జరుగుతుంది, వేగపు చార్జర్లు దూర ప్రయాణాలకే. హైదరాబాదులో మా కాలనీ సంఘం సమావేశాల్లో ఇదే విషయం మీద జరిగిన వాదనలు గుర్తొచ్చాయి. మీటరు ఎవరిది, నిప్పంటుకుంటే ఎవరు బాధ్యులు అన్న దగ్గరే ఆగిపోయి, అడిగినాయన చివరికి విసిగి ఊరుకున్నాడు. ఇలాంటి తగువు తీర్చాల్సింది సంఘం కార్యదర్శి కాదు, చట్టం.

మర్నాడు ఉత్తరానికి, సోగ్నెఫ్యోర్డ్ ఒడ్డున ఉన్న ఓపెదాల్ రేవుకు వెళ్ళాం. అక్కణ్ణించి అవతలి ఒడ్డున లావిక్‌కు సుమారు 6 కిలోమీటర్లు, ఫెర్రీ మీద 20 నిమిషాలు. ప్రపంచంలో బ్యాటరీతో నడిచిన మొదటి కార్ల ఫెర్రీ 'ఆంపియర్' 2015లో పని మొదలుపెట్టింది ఈ రెండు రేవుల మధ్యే. 120 కార్లు, 360 మంది జనం, వెయ్యి యూనిట్ల బ్యాటరీ. ఒడ్డు చేరిన ప్రతిసారీ కార్లు దిగి ఎక్కే పది నిమిషాల్లోనే చార్జింగ్ అయిపోవాలి. రెండు ఒడ్లూ చిన్న పల్లెలే కనుక ఇక్కడా రేవుల దగ్గర బ్యాటరీలు పెట్టారు. గుద్వాంగెన్‌లో చూసింది ఈ ఆలోచనకే తరవాతి రూపం. ఆ ప్రయోగం ఫలించింది. ఇప్పుడు ఈ దేశపు తీరమంతా పదుల సంఖ్యలో బ్యాటరీ ఫెర్రీలు తిరుగుతున్నాయి. ఓస్లో ఫ్యోర్డ్‌లో మోస్, హోర్టెన్ మధ్య 2021 నుంచి నడుస్తున్న 'బాస్టో ఎలక్ట్రిక్' ఒకేసారి 200 కార్లను దాటిస్తుంది. ఆంపియర్ సంగతి తెలిశాక దాన్ని సాధ్యం చేసినవాళ్ళ మీద గౌరవం పెరిగింది. ప్రయోగం కోసం నిధులిచ్చి ఊరుకోకుండా, ఈ రేవు కాంట్రాక్టు కావాలంటే కాలుష్యం తగ్గించాల్సిందేనని ప్రభుత్వం ముందే షరతు పెట్టింది.

నార్వేను పొగిడేటప్పుడు చెప్పాల్సినవి ఇంకో రెండున్నాయి. ఇక్కడి కరెంటులో దాదాపు పదింట తొమ్మిది వంతులు నీటి నుంచి వచ్చేదే. మేం దాటిన ప్రతి లోయలోనూ ఏదో ఒక జలవిద్యుత్ కేంద్రం ఉంది. మన కరెంటులో బొగ్గుదే పెద్ద వాటా. ఇక రాయితీలకు కావలసిన డబ్బు ఈ దేశానికి ఎక్కణ్ణించి వచ్చిందంటే, చాలావరకు ఉత్తర సముద్రంలో తీసి అమ్ముతున్న చమురు, గ్యాసుల నుంచి. తాము వాడటం తగ్గించి లోకానికి అమ్ముతున్నారు. మొదట్లో ఆ పన్ను రాయితీలు ఎక్కువగా దక్కిందీ రెండో కారు కొనగల సంపన్నులకే. అవన్నీ నిజమే. అయినా ఖాళీ దారిలో చార్జర్ పెట్టాలన్న తెలివికీ, వివరాలు అందరికీ తెరిచిపెట్టాలన్న తెలివికీ చమురు బావి అక్కర్లేదు.

2024 ముగిసేసరికి ప్రపంచంలో బహిరంగ చార్జింగ్ పాయింట్లు 50 లక్షలు దాటాయి. ఆ ఒక్క ఏడాదే 13 లక్షలకు పైగా కొత్తవి వచ్చాయి. మొత్తంలో మూడింట రెండు వంతులు చైనావే. యూరోపియన్ యూనియన్ తన ప్రధాన రహదారుల మీద ప్రతి 60 కిలోమీటర్లకూ వేగపు చార్జింగ్ ఉండాలని చట్టం చేసింది. మన దేశంలో బహిరంగ చార్జింగ్ కేంద్రాలు 2024 చివరికి 25 వేలు దాటాయి. హైవేలకు రెండు వైపులా నిర్ణీత దూరానికి ఒక కేంద్రం ఉండాలని మన మార్గదర్శకాలూ చెబుతున్నాయి. 2024లో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ ఏర్పాట్లకు రూ. 2,000 కోట్లు కేటాయించారు. తెలంగాణ ప్రభుత్వం 2026 చివరిదాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను తీసేసింది. అంటే కార్లు వస్తాయి. వాటితో జనం ఎక్కడిదాకా ధైర్యంగా వెళ్ళగలరన్నదే మిగిలిన ప్రశ్న.

హైదరాబాదు, విజయవాడ మధ్య దాబాల ముందు చార్జర్లు వాటంతటవే వస్తాయి, వాటికి ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టనక్కర్లేదు. ఆ సొమ్ము మన్ననూరు దాటి శ్రీశైలం పోయే అడవి దారికి, పాడేరు, అరకు ఘాట్లకు, ఆదిలాబాద్, భద్రాచలం వైపు ఏజెన్సీ రోడ్లకు పోవాలి. అక్కడ పొలాల బోర్లకు పెట్టే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క 120 కిలోవాట్ల చార్జర్‌ను కూడా మోయలేదు. సబ్‌స్టేషన్ నుంచి కొత్త 11 కేవీ లైను వచ్చేదాకా ఆగనక్కర్లేదు, గుద్వాంగెన్ రేవులో చేసినట్టు ఉన్న లైను మీదే బ్యాటరీ పెట్టి నెమ్మదిగా నింపుకోవచ్చు. రెండు రాష్ట్రాల డిస్కంలూ, రవాణా శాఖలూ చేయాల్సినవి మూడు పనులు. టెండరు పిలిచేటప్పుడు లాభమొచ్చే హైవే మజిలీకి ఒక ఘాట్ మజిలీని కట్టి ఇవ్వండి. ప్రతి చార్జర్ పనిచేస్తోందో లేదో ఎవరైనా చూసుకోగల ఒకే జాబితా తెరిచిపెట్టండి. చెడిపోయినదాన్ని గడువులోగా బాగుచేయనివాడికి సబ్సిడీ ఆపేయండి.